భార్యకు అద్దె, పేదపిల్లలకు చదువు: ఒక వీలునామా కేస్ స్టడీ

వీలునామా తగాదాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. సంతకం తండ్రిది కాదని ఒకరంటారు. మతి నిలకడగా లేనప్పుడు రాయించుకున్నారని మరొకరంటారు. ఈ కేసులో అలాంటి ఆరోపణ ఒక్కటీ లేదు. వీలునామా నిజమైనదేనని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. అయినా అది అమలు కాలేదు. ఇంటివారికీ పేదవారికీ ఒకే ఆస్తిలోంచి ఇవ్వాలనుకున్న మనిషి ఏ ఒక్కరినీ మోసం చేయదలచుకోలేదు. తన మనసులో స్పష్టంగా ఉన్నది కాగితం మీద కూడా అంతే స్పష్టంగా ఉందని ఆయన నమ్మాడు. ఇలాంటి వీలునామాలు మన జిల్లాల్లో బీరువాల్లో చాలా ఉన్నాయి కాబట్టి ఈ కేసును వివరంగా రాస్తున్నాను. ఊరు, వృత్తి, విస్తీర్ణాలు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. న్యాయపరమైన చిక్కులను మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న పట్టణం. ధాన్యం వ్యాపారం చేసి, డెబ్బై దాటాక చనిపోయిన హిందూ కుటుంబ పెద్ద. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. కూతురికి పెళ్లై చాలా ఏళ్లయింది. ఆస్తి నాలుగు రకాలు: సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, నాలుగెకరాల మాగాణి, అందులో రెండెకరాలు అన్నదమ్ముల పంపకంలో వచ్చిన పిత్రార్జితం, మిగిలిన రెండూ స్వార్జితం, బజారులో రెండు దుకాణపు గదులు, అవీ స్వార్జితమే, బ్యాంకులో కొంత డిపాజిట్టు.

వీలునామాను ఆయనే తెల్లకాగితం మీద సొంత దస్తూరీతో రాశారు. ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. రిజిస్టరు చేయించలేదు. దాని సారాంశం ఇది. ఇంట్లో భార్య జీవితాంతం ఉండాలి, తదనంతరం ఇద్దరు కొడుకులకు చెందాలి. నాలుగెకరాలూ కొడుకులు చెరిసగం తీసుకోవాలి. కూతురికి పెళ్లిలో పసుపు కుంకుమల కింద ఇవ్వవలసింది ఇచ్చినందున ఆమెకు ఇక హక్కు లేదు. దుకాణాల అద్దెతో భార్య జీవితాంతం బతకాలి, ఆమె తదనంతరం ఆ అద్దెను ‘ధర్మకార్యాలకు, పేదపిల్లల చదువుకు’ ఖర్చు పెట్టాలి. ఈ పని ‘కొడుకులు, ఊరి పెద్దలు’ చూసుకోవాలి. బ్యాంకు డబ్బులో అప్పులు, కర్మకాండ పోగా మిగిలిన దానితో ఏటా పేదలకు అన్నదానం చేయాలి.

చదవగానే మంచి మనిషి రాసిన వీలునామా అనిపిస్తుంది. నిజంగా అలాంటి మనిషే రాశాడు. రిజిస్ట్రేషన్ లేకపోవడం లోపం కాదు. 1925 వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసినవారి సంతకం, దాన్ని చూసిన లేదా ఆ సంతకం తనదేనని రాసినవారి నోట విన్న కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. స్టాంపు కాగితం అక్కరలేదు, ఫలానా నమూనాలోనే ఉండాలన్న నియమమూ లేదు.

సమస్య

నా దగ్గరకు వచ్చింది ఆయన భార్య. ఆమె రెండు మాటలు చెప్పారు. “ఆయన మాట పోకూడదు బాబూ. నేను మాత్రం ఎవరి చేతి కిందా ఉండలేను.” తర్వాత మేము చేసిన ప్రతి ఏర్పాటునూ ఈ రెండు మాటలతో పోల్చి చూసుకుంటూ వచ్చాను.

పెద్దకొడుకు దుకాణాల విషయంలో అడ్డుపడ్డాడు. ధర్మకార్యాలంటే ఏమిటో వీలునామాలో లేదు కాబట్టి ఆ భాగం చెల్లదని, తల్లి తర్వాత దుకాణాలు పిల్లలకే రావాలని అతని వకీలు సలహా. చిన్నకొడుకు ధర్మకార్యం జరగాలనే అన్నాడు, కానీ దాని నిర్వహణ తన చేతిలో ఉండాలన్నాడు. కూతురు ధర్మం జోలికి పోలేదు. పిత్రార్జితంలో తన వాటా తనకు కావాలంది. పేదపిల్లల తరఫున మాట్లాడేవారు ఎవరూ లేరు. ఈ రకం కేసులన్నిటిలోనూ ఇదే ప్రధానమైన చిక్కని నా అభిప్రాయం. వీలునామాలో పేదలకు వాటా ఉంటుంది, పంపకం రోజున వారికి కుర్చీ ఉండదు.

కాగితాన్ని చదవడం

మాటామంతీ మొదలుపెట్టకముందే వీలునామాలోని ఒక్కో అంశం న్యాయస్థానంలో ఎంతవరకు నిలుస్తుందో లెక్క చూసుకున్నాను. ఎవరికి ఏ హక్కు ఖాయమో తెలియకుండా రాజీకి కూర్చుంటే గొంతు పెద్దదైనవారిదే పైచేయి అవుతుంది.

పొలం విషయం తేలిక. 1956 హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే తండ్రి వీలునామా రాయగలడు. 2005 సవరణతో కూతురు కూడా పుట్టుకతోనే సహవారసురాలు. తండ్రి ఎప్పుడు చనిపోయాడన్న దానితో ఆ హక్కుకు సంబంధం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పిత్రార్జితమైన రెండెకరాలను తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు అని నాలుగు వాటాలు చేస్తే తలా 50 సెంట్లు. తండ్రి తన 50 సెంట్లను కొడుకులకు రాసుకోవచ్చు, కూతురి 50 సెంట్లను రాయలేడు. పసుపు కుంకుమల కింద ఆమెకు ఇచ్చింది బంగారం, నగదు. ఆమె హక్కు విడుదల దస్తావేజు ఏదీ రాయలేదు. పెళ్లి ఖర్చును భూమి వాటాకు చెల్లు పెట్టే పద్ధతి చట్టంలో లేదు.

బ్యాంకు డబ్బుకు పెద్దకొడుకు నామినీ. ఆ హోదాతోనే డబ్బు తీసుకుని, అది తనదేననుకున్నాడు. నామినీ సొమ్మును అందుకునే మనిషి మాత్రమే, యజమాని కాడు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో ఈ మాటే చెప్పింది. కాబట్టి అతను లెక్క చెప్పవలసినవాడు.

అసలు చిక్కు దుకాణాలది. అందులోనూ రెండు ముడులు.

మొదటిది ‘ధర్మకార్యాలు’. మన ఊళ్లలో ఈ మాట అందరికీ అర్థమవుతుంది. కోర్టుకు అర్థం కాదు. 1899లో రణఛోడ్‌దాస్ కేసులో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో చివరి అప్పీలు కోర్టు) ‘ధరమ్’కు వదిలిన ఆస్తిని అస్పష్టత కారణంగా చెల్లదని కొట్టివేసింది. ఏది ధర్మమో, ఏది కాదో కోర్టు పర్యవేక్షించలేదన్నది కారణం. 1925 వారసత్వ చట్టం 89వ సెక్షన్ కూడా నిశ్చితమైన ఉద్దేశం లేని వీలునామా చెల్లదంటుంది. అదే ‘పేదపిల్లల చదువు’ అంటే చెల్లుతుంది. పేదరికాన్ని తగ్గించడం, చదువు చెప్పించడం ధర్మాదాయాలుగా ఎప్పటి నుంచో స్థిరపడినవి. మన వీలునామాలో రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ధర్మకార్యాలకు ‘లేదా’ చదువుకు అని ఉంటే మొత్తం డబ్బును అస్పష్టమైన దానికే ఖర్చు పెట్టే వీలుంటుంది కాబట్టి అంతా కూలిపోయే ప్రమాదం ఎక్కువ. ఇక్కడ ‘లేదా’ లేదు. ధర్మకార్యం అంటే ఏమిటో వెంటనే పేదపిల్లల చదువు అని ఆయనే చెప్పుకున్నాడని చదవవచ్చు. రెండు అర్థాలు సాధ్యమైనప్పుడు, ఫలితం ఇచ్చే అర్థాన్నే తీసుకోవాలని 84వ సెక్షన్, రాసినవారి ఉద్దేశాన్ని వీలైనంతవరకు నిలపాలని 87వ సెక్షన్ చెబుతాయి. వాదన బలమైనదే, కానీ తప్పక గెలుస్తుందని మాట ఇవ్వలేను.

రెండో ముడి ఇంతకంటే లోతైనది, ప్రజలకు అంతగా తెలియనిది. భార్యకు ‘జీవితాంతం అనుభవించే హక్కు’ ఇచ్చి, తర్వాత ఆస్తి ఫలానావారికి అని రాయడం మన దస్తావేజు లేఖరులకు తరతరాల అలవాటు. అయితే హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌లో రెండు ఉపవిభాగాలున్నాయి. మొదటిది స్త్రీ చేతిలో ఉన్న పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మారుస్తుంది. రెండోది వీలునామా వంటి పత్రం ద్వారా కొత్తగా ఇచ్చిన పరిమిత హక్కును పరిమితంగానే ఉంచుతుంది. భర్త నుంచి పోషణ పొందే హక్కు భార్యకు ముందు నుంచే ఉంది. ఆ పోషణ కోసమే ఇచ్చిన ఆస్తి అయితే అది సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అది మన ఆంధ్ర నుంచే వెళ్లిన కేసు. వీలునామాతో భర్త ఇచ్చిన పరిమిత హక్కు పరిమితంగానే ఉంటుందని 2006లో సాధూ సింగ్ కేసులో, 2022లో జోగీ రామ్ కేసులో తీర్పులు వచ్చాయి. ఈ రెండు ధోరణుల మధ్య పొంతన కుదరడం లేదని, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

మన వీలునామాలో ‘అద్దెతో భార్య బతకాలి’ అని ఉంది. అంటే పోషణ కోసమే. తులసమ్మ తీర్పు దారిన పోతే దుకాణాలు పూర్తిగా ఆమెవే. ఆమె తర్వాత పేదపిల్లలకు అన్న మాట చెల్లదు. జోగీ రామ్ దారిన పోతే ఆమెది జీవితకాల హక్కే. తర్వాత ధర్మం, ఆ ధర్మం అస్పష్టమని కొట్టివేస్తే భార్యాపిల్లలు నలుగురికీ సమానంగా. ఒక్క వాక్యానికి మూడు గమ్యాలు.

ప్రయత్నించినవి, ఫలించనివి

ముందు పొలం మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) కోసం వీలునామా జతచేసి తహసీల్దారుకు దరఖాస్తు పెట్టించాను. అభ్యంతరాలు వస్తాయని తెలుసు. అయినా అది ఖర్చు తక్కువ దారి. పైగా ఎవరి అభ్యంతరం ఏమిటో రాతపూర్వకంగా బయటపడుతుంది. అనుకున్నట్టే కూతురు, పెద్దకొడుకు అభ్యంతరం చెప్పారు. సివిల్ కోర్టులో తేల్చుకోమని దరఖాస్తు తిప్పి పంపారు. దస్తావేజుల పరంగా అక్కడ వచ్చింది శూన్యం. కానీ పెద్దకొడుకు తన అభ్యంతర పత్రంలో ‘మా నాన్న దస్తూరీతో రాసిన వీలునామాలో ధర్మకార్యాల భాగం చెల్లదు’ అని రాశాడు. వీలునామా తండ్రిదేనని అతని సంతకంతోనే రికార్డులోకి వచ్చింది. అప్పటికి సాక్షుల్లో ఒకరు చనిపోయారు, రెండోవారు వృద్ధులు. వీలునామాను కోర్టులో రుజువు చేయాలంటే బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరిని విచారించాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 68వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 67వది. రిజిస్ట్రేషన్ ఉన్నా ఈ నియమం తప్పదు. వృద్ధ సాక్షి చేత అఫిడవిట్ చేయించి ఉంచాను. అది కోర్టులో విచారణకు ప్రత్యామ్నాయం కాదు. ఆయన ఏం చూశారో ఆయన మాటల్లోనే నమోదై ఉంటుంది, అంతే.

తర్వాత ఇంట్లో పెద్దల సమక్షంలో కూర్చున్నారు. అక్కడ బాగా నచ్చిన ప్రతిపాదన ఇది: అన్నదానం ఎలాగూ చేయాలి కదా, దాన్నే ఏడాదికోసారి ఘనంగా చేద్దాం, దుకాణాలు అన్నదమ్ములు పంచుకుందాం. ఊరికి భోజనం, ఇంటికి ఆస్తి, గొడవ ఉండదు అన్నారు. తల్లి తల అడ్డంగా ఊపారు. కూతురు లేచి వెళ్లిపోయింది.

ఈ ప్రతిపాదనను నేను గట్టిగా వ్యతిరేకించాను. ఆ ధర్మం వీలునామా ప్రకారం చెల్లేదైతే అది ప్రజలది. కుటుంబం నలుగురూ సంతకాలు చేసినంత మాత్రాన దాన్ని రద్దు చేసుకోలేరు. ప్రజా ధర్మాదాయాన్ని పక్కదారి పట్టిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద అడ్వొకేట్ జనరల్ గానీ, కోర్టు అనుమతితో ఆసక్తి గల ఇద్దరు వ్యక్తులు గానీ దావా వేయవచ్చు. ఇప్పుడు ఎవరూ వేయకపోవచ్చు. పదేళ్ల తర్వాత దుకాణాలు కొన్నవారి మీద వేస్తే? అలాంటి రాజీ ఆస్తి హక్కునే మచ్చపడేలా చేస్తుంది. పెద్దకొడుకుకు ఈ మాట సూటిగా చెప్పాను. ధర్మం గురించి చెప్పినప్పుడు వినని అతను, అమ్మకం కష్టమవుతుందన్నప్పుడు విన్నాడు.

నేరుగా దావా వేయడం గురించి కూడా ఆలోచించాం. పంపకానికి ఒక దావా, ధర్మాదాయానికి మరో దావా. ప్రొబేట్ (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం) మా జిల్లాల్లో హిందువులకు తప్పనిసరి కాదు. ఇక్కడ వీలునామాను అమలు చేసే నిర్వాహకుడిగా ఎవరి పేరూ లేదు కాబట్టి అడిగినా వీలునామా జతచేసిన నిర్వహణ పత్రాలే (ఆస్తి నిర్వహణకు కోర్టు ఇచ్చే అధికారం) అడగాలి. ‘ఊరి పెద్దలు’ అంటే ఎవరు? ఆ పేరుతో ఎవరినైనా నిలబెడితే వారిని కాదనడానికి ఇంకొందరు వస్తారు. పైగా దావా నడిచినన్నాళ్లూ అద్దె కోర్టులో జమ చేయమని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ అద్దెతోనే బతుకుతున్న తల్లి ఏం కావాలి? ఆమె చెప్పిన రెండో మాట గుర్తుచేసుకుని ఆ దారిని పక్కన పెట్టాను.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. మద్రాసులో దుబాసీగా (దొరలకు మధ్యవర్తిగా) సంపాదించిన పచ్చయ్యప్ప మొదలియార్ 1794లో వీలునామా రాసి, ఆ ఏడాదే కన్నుమూశారు. ఆయన ధర్మానికి వదిలిన సొమ్ము తగాదాల్లో చిక్కుకుపోయింది. అడ్వొకేట్ జనరల్ పట్టించుకుని, కోర్టు కలగజేసుకుని, ఆయన పేరిట బడి తెరుచుకునేసరికి 1842 వచ్చింది. మధ్యలో రెండు తరాల పిల్లలు ఆ చదువు అందకుండానే పెద్దవాళ్లయిపోయారు. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ రంగూన్ వ్యాపారంతో సంపాదించి వదిలిన ధర్మనిధి పేరిట విద్యాసంస్థలు నేటికీ నడుస్తున్నాయి. ఇచ్చే మనసు రెండు చోట్లా ఒకటే. ఆలస్యం జరిగిన చోట నష్టపోయేది ఆస్తి కాదు, ఆ ఏడాది బడికి వెళ్లవలసిన పిల్ల.

దారి దొరికిన చోటు

అందరినీ కూర్చోబెట్టడం మాని ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాను. పెద్దకొడుకు అసలు భయం అప్పుడు తెలిసింది. రెండు గదుల్లో ఒకదానిలో అతని వ్యాపారమే నడుస్తోంది. తండ్రి బతికున్నప్పుడు అద్దె అడగలేదు. రేపు ధర్మం పేరుతో తమ్ముడి పెత్తనం కిందికి వస్తే మొదట ఖాళీ చేయించేది తననేనని అతని నమ్మకం. ఇంకొకటి కూడా చెప్పాడు. బిడ్డల మీద నమ్మకం లేకే ఊరికి రాసిపోయాడని బజారులో అంటున్నారట. ఆ బాధ వకీలు నోటీసుల్లో ఎక్కడా లేదు. చిన్నకొడుకు భయం వేరు: పధ్నాలుగో సెక్షన్ దుకాణాలను తల్లికి సంపూర్ణంగా ఇస్తే ఇంటిని కూడా ఇచ్చేస్తుంది, తల్లి ఇంటిని కూడా ధర్మానికి రాసేస్తే తన గతేమిటి? ఆ భయం అర్థం లేనిది కాదు. వాక్యనిర్మాణం రెండు చోట్లా ఒకలాంటిదే.

తల్లితో మాట్లాడుతున్నప్పుడు వేరే విషయం బయటపడింది. ఆయన పాత ఖాతా పుస్తకాలు ఆమె దాచారు. ధాన్యం లెక్కల మధ్య ప్రతి జూన్‌లోనూ కొన్ని పద్దులు: ఫలానా హమాలీ కొడుకు, పుస్తకాలు, ఫలానా కూలీ కూతురు, పరీక్ష ఫీజు. ఏళ్ల తరబడి ఉన్నాయి. దాదాపు అందరూ తన కొట్టులో బస్తాలు మోసినవారి, తన పొలంలో పనిచేసినవారి పిల్లలే. పదో తరగతి దాటినవారికి పద్దు లేదు.

ఈ పుస్తకాలు కేసును మార్చేశాయి. వీలునామాలోని మాట ఎవరిని, దేన్ని ఉద్దేశించిందో తెలుసుకోవడానికి రాసినవారి పరిస్థితులకు సంబంధించిన వాస్తవాలన్నిటినీ విచారించవచ్చని 1925 వారసత్వ చట్టం 75వ సెక్షన్ చెబుతుంది. ‘పేదపిల్లలు’ ఎవరో, వారికి చేయవలసిన ‘ధర్మకార్యం’ ఏమిటో ఆయన చేతిరాతే చెబుతోంది. అస్పష్టత వాదన బలం చాలావరకు తగ్గింది. అంతకంటే ముఖ్యంగా, పెద్దకొడుకు ఆ పద్దులు చదివి, వాటిలో తనతో చదివిన పిల్లల పేర్లు గుర్తుపట్టాడు. తండ్రి ఊరికి కొత్తగా ఏమీ రాసిపోలేదని, బతికున్నప్పుడు చేసిన పనే కొనసాగించమన్నాడని అతనికి అర్థమైంది. ఆ రోజు నుంచి మాట తీరు మారింది.

ఏర్పాటు, దాని వెనక లెక్క

కుటుంబ భాగాన్ని, ధర్మ భాగాన్ని వేర్వేరు పత్రాల్లో పెట్టాలని మొదటే నిర్ణయించుకున్నాం. కుటుంబం తనలో తాను రాజీపడవచ్చు. ధర్మం విషయంలో రాజీ కుదరదు, అమలు చేయడమే ఉంటుంది. ఒకే కాగితంలో కలిపితే రేపు ఒక భాగం మీద వచ్చిన దాడి రెండో దాన్ని కూడా లాగుతుంది.

కుటుంబ భాగాన్ని దావాకు ముందు దశలోనే లోక్ అదాలత్ ముందుకు తీసుకెళ్లాం. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందులో కూతురికి 50 సెంట్లు దక్కాయి. అన్నదమ్ములు డబ్బు ఇస్తామన్నారు. ఆమె భూమే కావాలంది, ఇచ్చారు. ఇంట్లో తల్లి జీవితాంతం ఉంటారు, ఆమె బతికుండగా ఎవరూ అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, తదనంతరం కొడుకులదేనని నలుగురూ ఒప్పుకున్నారు. చిన్నకొడుకు భయం అక్కడితో తీరింది. పెద్దకొడుకు బ్యాంకు డబ్బుకు లెక్క చెప్పాడు. సహకార సంఘం అప్పు, కర్మకాండ ఖర్చు తీసేయగా మిగిలింది చిన్న మొత్తమే.

దుకాణాల కోసం విడిగా ట్రస్టు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాం. ఇందులో కీలకం ఎవరు సంతకం చేశారన్నది. తల్లి, ముగ్గురు పిల్లలు, నలుగురూ రాసిచ్చారు. ఎందుకంటే ముందు చెప్పిన మూడు గమ్యాల్లో ఏది నిజమని రేపు కోర్టు తేల్చినా ఆస్తి ట్రస్టుకే చేరాలి. తల్లి సంపూర్ణ యజమాని అయితే ఆమె సంతకంతో చేరుతుంది. ఆమెది జీవితకాల హక్కే అయి, ధర్మం చెల్లేదైతే వీలునామాతోనే చేరుతుంది; దస్తావేజు దాని అమలు మాత్రమే. ధర్మం చెల్లదని తేలితే వారసులైన నలుగురి సంతకాలతో చేరుతుంది. విస్తృత ధర్మాసనం ఏమంటుందోనని ఎదురుచూడవలసిన అవసరం ఈ కుటుంబానికి లేకుండా పోయింది. కేసు మొత్తంలో ఇది సాధ్యమైంది తల్లి మనసు వల్ల. ఆమె తన చట్టబద్ధమైన బలాన్ని భర్త మాటకు అడ్డుగా కాక ఆసరాగా వాడారు.

అద్దె తల్లి జీవితాంతం ఆమెదే. అయినా నాలుగో వంతు ఇప్పుడే పిల్లల ఫీజులకు మొదలుపెట్టమని ఆమే అన్నారు. దస్తావేజులో దాన్ని ఆమె ఎప్పుడైనా ఆపుకోవచ్చని రాయించాను. ఆమెకు మందుల ఖర్చు పెరిగిన రోజున ధర్మం పేరుతో ఎవరూ ఆమెను నిలదీయకూడదు.

ధర్మకర్తలు ముగ్గురు: తల్లి, కూతురు, పదవి రీత్యా ఊరి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు. అన్నదమ్ములిద్దరినీ తీసుకోలేదు. పెద్దకొడుకు ఒక గదిలో అద్దెదారు. అద్దె చెల్లించేవాడే అద్దె నిర్ణయించే చోట కూర్చోకూడదు. అతనికి బజారు ధరకు, నిర్ణీత కాలానికి కౌలు పత్రం రాసి రిజిస్టరు చేశాం. దానితో అతని వ్యాపారానికి రక్షణ, ట్రస్టుకు ఆదాయం వచ్చాయి. అన్నను బయట ఉంచి తమ్ముడిని లోపలికి తెస్తే పాత అనుమానం మళ్లీ లేస్తుంది కాబట్టి అతనినీ తీసుకోలేదు. ‘ఊరి పెద్దలు’ అన్న మాటకు ప్రధానోపాధ్యాయుల పదవి సరైన రూపమనిపించింది. మనిషి మారినా పదవి ఉంటుంది, ఎవరికి ఫీజు కట్టలేని స్థితి ఉందో ఆ కుర్చీలో ఉన్నవారికి తెలుస్తుంది.

అద్దెలోంచి ముందు పన్ను, మరమ్మతులు, తర్వాతే సాయం. కోర్టు అనుమతి లేకుండా గదులు అమ్మరాదు. లబ్ధిదారులు ఆ పట్టణంలో హమాలీలు, కూలీల పిల్లలు, పదో తరగతి వరకు; ఖాతా పుస్తకాల్లో ఉన్న కొలతే ఇది. కుటుంబ బంధువుల పిల్లల మాటేమిటని చిన్నకొడుకు అడిగాడు. మంచి ప్రశ్న. పేద బంధువు పేద కాకుండా పోడు. కానీ బంధువులకు ముందు హక్కు ఇస్తే కొన్నేళ్లకు అది కుటుంబ నిధిగా మారిపోతుంది. అందుకని బంధువుల పిల్లలు అందరిలాగే దరఖాస్తు చేసుకోవచ్చు, ధర్మకర్తల సొంత సంతానానికి మాత్రం వీలులేదని రాశాం. అన్నదానం కోసం మిగిలిన చిన్న మొత్తాన్ని ట్రస్టు పేరిట డిపాజిట్టు చేసి, దాని వడ్డీతో ఆయన సంవత్సరీకం నాడు భోజనాలు పెడుతున్నారు. 1987 దేవాదాయ ధర్మాదాయ చట్టం కింద నమోదుకు దరఖాస్తు కూడా పెట్టించాను. లెక్కలు అడిగే చూపు బయట ఒకటి ఉండాలి.

ఈ కేసు తర్వాత వీలునామాలు ఎలా రాయిస్తున్నాను

భార్య పోషణకూ ధర్మానికీ ఒకే ఆస్తిని ముందూ వెనకా ఇవ్వడం ఇప్పుడు వీలైనంతవరకు మాన్పిస్తున్నాను. భార్యకు సరిపడా ఒక ఆస్తిని సర్వహక్కులతో ఇచ్చి, ధర్మానికి వేరే ఆస్తిని నేరుగా ఇవ్వమంటాను. ఒకే ఆస్తి ఉన్నవారికి మాత్రం పాత పద్ధతి తప్పదు. అప్పుడు భార్యతో ముందే మాట్లాడి, ఆమె అంగీకారంతోనే రాయిస్తాను.

‘పేదలకు’, ‘ధర్మానికి’ అని వదిలేయకుండా మూడు సంగతులు అడుగుతాను: ఏ పేదలు, ఏ అవసరానికి, ఎవరి చేతుల మీదుగా. మాటలు ఇలా ఉండేలా చూస్తున్నాను: ‘నా బజారు దుకాణపు గదులను నా మరణానంతరం ఫలానావారు నిర్వాహకులుగా, వారు లేనిచో ఫలానావారు, స్వాధీనపరచుకొని, వచ్చు అద్దెలో పన్నులు, మరమ్మతులు పోను మిగిలిన మొత్తమును ఈ పట్టణములో కూలి పని చేసుకొని జీవించువారి పిల్లల పదో తరగతి వరకు చదువు ఖర్చులకు మాత్రమే వినియోగించవలెను.’ ‘మాత్రమే’ అన్న మాట అక్కడ బరువు మోస్తుంది. నిర్వాహకుడి పేరు, అతని తర్వాతివారి పేరు తప్పనిసరి.

ధర్మానికి ‘మిగిలినది’ ఇవ్వవద్దని కూడా చెబుతాను. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు ముందు తీరేది ఆ మిగులులోంచే. ఈ కేసులో అన్నదానానికి వచ్చిన మొత్తం అందుకే చిన్నదైంది. నిజంగా ఇవ్వాలనుకున్నది ఫలానా ఆస్తి అని గుర్తుపట్టేలా ఇవ్వాలి. అయితే ఆ ఆస్తిని తర్వాత అమ్మేస్తే అదే 1925 చట్టం 152వ సెక్షన్ ప్రకారం ఆ దానం కూడా పోతుంది. కాబట్టి అమ్మిన రోజున వీలునామా తిరగరాయాలి.

మతాన్ని బట్టి నియమాలు మారుతాయి. ముస్లింలు అంత్యక్రియలు, అప్పులు పోగా మిగిలిన దానిలో మూడో వంతుకు మించి వీలునామా రాస్తే వారసుల అంగీకారం కావాలి. దగ్గరి బంధువులున్న క్రైస్తవులు ధర్మానికి రాయాలంటే మరణానికి 12 నెలల ముందే రాసి, నిర్ణీత గడువులో దాఖలు చేయాలన్న 1925 చట్టం 118వ సెక్షన్‌ను 2003లో జాన్ వల్లమట్టం కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ పాత నియమం భయంతో ఇప్పటికీ వెనకాడేవారు కనిపిస్తారు, అవసరం లేదు.

ఇప్పటికే ‘భార్య తదనంతరం ధర్మానికి’ అని రాసి ఉంచినవారు బతికి ఉంటే కొత్త వీలునామా రాసుకోవచ్చు. అదే తేలిక. రాసినవారు పోయి, భార్య ఉన్న చోట ఆమె ఆరోగ్యంగా, తన మాట తాను చెప్పగలిగే స్థితిలో ఉన్నప్పుడే పిల్లల సంతకాలతో ట్రస్టు దస్తావేజు రిజిస్టరు చేయించుకోవాలి. ఆయన ధర్మం ఎవరికి చేసేవారో చెప్పే లెక్కల పుస్తకాలు, రసీదులు, ఉత్తరాలు ఇంట్లో ఉంటే వీలునామాతో పాటే ఒకచోట భద్రపరచాలి.